అల్లుడి బండీ, మేస్త్రి చెవీ

మా బావమరిది ఇంజను చప్పుడు విని, ఆ బండి నడిపేవాడికి పెళ్లయిందో లేదో చెప్పేస్తాడు.

సరే, పెళ్లి సంగతి నేను కాస్త కలిపాను. వెనక సీటు మీద రోజూ ఎవరైనా కూర్చుంటున్నారా లేదా అన్నంత వరకే చెప్పగలడు. వెనక చక్రం దగ్గరి స్ప్రింగులు కిర్రుమనే తీరులో అది తెలిసిపోతుందట. కూర్చునేది భార్యా, పక్కింటాయనా అన్నది మాత్రం వాడి చెవికి అందదు. అయినా వినేవాళ్లకు మొదటి మాటే రుచిగా ఉంటుంది కనుక నేను దాన్నే చెబుతూ వస్తున్నాను.

వాడు నా భార్యకు తమ్ముడు. మోటార్ సైకిళ్లు బాగుచేస్తాడు. వాడి అసలు పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. చెవి మేస్త్రి అంటే చాలు, పాలప్యాకెట్లు వేసేవాడు కూడా దారి చూపిస్తాడు. రెండు వీధులు కలిసే మూల మీద, ఇస్త్రీ దుకాణానికీ తాళాల దుకాణానికీ మధ్య ఇరుక్కున్న ఒకే ఒక్క గది వాడిది. షట్టరు ఎత్తితే గది, దించితే గోడ. లోపల పానాలన్నీ సైజుల వారీగా మేకులకు వేలాడుతుంటాయి. ఒక్కోదాని వెనక గోడ మీద దాని ఆకారం తెల్ల పెయింటుతో గీసి ఉంటుంది. ఏది లేకపోయినా దాని బొమ్మ బోసిగా కనబడి పట్టిస్తుందన్నమాట. గుమ్మం పక్కన ఒక స్టూలు ఉంది. అది నాది. పొద్దున పేపరు పట్టుకుని నేను దాని మీద కూర్చుంటే, మధ్యాహ్నం భోజనానికి మా ఆవిడ కేకేసేదాకా లేవను.

వాడు కార్బురేటరు సరిచేసేటప్పుడు చూడాలి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనిస్తాడు, పిడి చెవికి ఆనించుకుంటాడు, కళ్లు మూసుకుంటాడు. నేను చదివిన కాన్వెంటులో పియానో నేర్పే సిస్టర్ ఒకావిడ ఉండేది. ఎవరైనా తప్పు మీట నొక్కితే ఆవిడ మొహం ఎలా పెట్టేదో, ఇంజను ఒక్క దెబ్బ తప్పితే వీడూ అలాగే పెడతాడు. ఆవిడ చేతిలో స్కేలుండేది, వీడి చేతిలో స్క్రూడ్రైవరుంటుంది, అంతే తేడా.

వాడికి రెండు పట్టింపులున్నాయి. వాడు వింటున్నప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు. పని అయ్యాక పళ్లెం ఖాళీగా ఉండాలి. బండి విప్పినప్పుడు వచ్చే నట్లూ బోల్టులూ వాషర్లూ ఒక స్టీలు పళ్లెంలో వేస్తాడు. అంతా బిగించాక అందులో ఒక్క వాషరు మిగిలినా వాడికి అన్నం సహించదు. మళ్లీ మొత్తం విప్పుతాడు.

ఇక అల్లుడి సంగతి. మా బావమరిదికి ఒక్కతే కూతురు. ఆమె భర్త కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తాడు. పొద్దస్తమానం ఎవరో ఒకరి ముక్కు మీద బరువైన కళ్లజోడు పెట్టి, అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా, పోనీ ఇది బాగుందా అని అడగడమే అతని ఉద్యోగం. మెత్తని మనిషి. కుర్చీ తన కాలి మీద పడితే, కుర్చీకి ఏమైనా తగిలిందేమోనని ముందు చూసే రకం. అయితే ఎంత మెత్తని మనిషికైనా ఎక్కడో ఒకచోట గట్టిదనం బయటికి రావాలి కదా. అతనికి అది సైలెన్సరులో వచ్చింది. కంపెనీ ఇచ్చిన సైలెన్సరు పీకించి, వీధి మొత్తం వినేలా మోగే ఇంకొకటి పెట్టించుకున్నాడు.

ఆనాటి నుంచి బండి జర్కులు ఇవ్వడం మొదలుపెట్టింది. కొత్త సైలెన్సరుతో ఇంజను ఊపిరి ఎక్కువ తీసుకుంటుంది, దానికి తగ్గ పెట్రోలు అందడం లేదు, ట్యూనరు పెట్టించుకో అని ఎవరో చెప్పారు. అతను ట్యూనరు కొని, ప్యాకెట్టు తెచ్చి, రెండు చేతులతో మామగారికి అందించాడు.

పాత బళ్లలో కార్బురేటరుకు ఒక స్క్రూ ఉండేది. తిప్పితే పెట్రోలు పెరిగేది, ఇంకో వైపు తిప్పితే తగ్గేది. కొత్త బళ్లలో ఆ స్క్రూ లేదు. సీటు కింద ఒక కంప్యూటరు డబ్బా కూర్చుని, ఎంత పెట్రోలు చిమ్మాలో ఇంజెక్టరుకు చెబుతూ ఉంటుంది. ట్యూనరు అంటే ఆ ఇద్దరి మధ్యలో దూరే మూడో మనిషి. కంప్యూటరు ఒక చెంచా అంటే, ఇది ఇంజెక్టరు దగ్గర చేరి, చెంచాన్నర పొయ్యి అంటుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మా బావమరిదికి అప్పటికి ఇందులో సగం కూడా తెలియదు. వాడు జీవితంలో ట్యూనరు ముట్టుకోలేదు. కానీ ఎదురుగా నిలబడ్డది అల్లుడు. అల్లుడి ముందు నాకు తెలియదు అనే మాట ఏ మామగారి గొంతులోంచి వస్తుంది? చెయ్యి చాపి ప్యాకెట్టు తీసుకున్నాడు.

ఆ మాటకొస్తే పని శుభ్రంగానే చేశాడు. సీటు తీసి, బ్యాటరీ వైరు ఊడదీసి పక్కన పెట్టాడు. కరెంటుతో పని అంటే ముందు అదే చేస్తాడు. ట్యాంకు ఎత్తి కింద చెక్కముక్క పెట్టాడు. ఇంజెక్టరుకు వెళ్లే కనెక్టరు విప్పి, మధ్యలో ట్యూనరు వైర్లు కలిపాడు. వైర్లు ఇంజను వేడికి తగలకుండా ఫ్రేము వెంట కట్టాడు. ట్యూనరు డబ్బా మీద బుల్లి స్క్రూలు కనబడేసరికి వాడికి ప్రాణం లేచొచ్చింది. బండి స్టార్టు చేసి, స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని, ఆ బుల్లి స్క్రూలను వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పుతూ పోయాడు. కాసేపటికి ఇంజను పొయ్యి పక్కన పడుకున్న పిల్లిలా గుర్రుమంది. వాడు కళ్లు తెరిచి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

తర్వాత పళ్లెం వైపు చూశాడు. పళ్లెంలో ఒక ముక్క మిగిలింది.

వేలి కొసంత నల్ల ప్లాస్టిక్ ముక్క. ట్యూనరు ప్యాకెట్టులోంచే వచ్చింది. ఒక పక్క కనెక్టరు మూతి ఉంది, రెండో పక్క వైరు లేదు. ఎక్కడి నుంచీ రాదు, ఎక్కడికీ పోదు. వాడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు, ట్యాంకు కింద దూర్చి చూశాడు, బ్యాటరీ పక్కన పెట్టి చూశాడు. ఖాళీ ఉన్న చోటు ఎక్కడా లేదు. అల్లుణ్ణి అడిగితే సరిపోయేది. అడగలేదు. పళ్లెం ఖాళీ కావాలి. చివరికి ఆ ముక్క చివరనున్న చిన్న కొక్కేన్ని బండి తాళం రింగుకు తగిలించి, అంతా అయిపోయింది బాబూ అని తాళం అల్లుడి చేతిలో పెట్టాడు. అల్లుడు రింగు వైపు ఒక క్షణం చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. బాగుంది మామయ్య గారు అన్నాడు.

అప్పటి నుంచి మొదలైంది అయోమయం.

తర్వాతి ఆదివారం కూతురూ అల్లుడూ భోజనానికి వచ్చారు. మా బావమరిది వరండాలో కూర్చుని ఉన్నాడు. బండి ఇంకా వీధి మలుపు తిరగకముందే వాడి మొహం మారిపోయింది. మూడో గేరులో బండి ఎక్కిళ్లు పెడుతోంది. అల్లుడు దిగగానే, బండి ఎలా ఉంది బాబూ అని అడిగాడు. చాలా బాగుంది మామయ్య గారు, వెన్నపూసలా పోతోంది అన్నాడు అల్లుడు.

వాడికి ఏమీ అర్థం కాలేదు. మళ్లీ సర్దుతానంటూ బండిని దుకాణానికి తీసుకెళ్లి, బ్యాటరీ వైరు ఊడదీసి, ట్యాంకు ఎత్తి, వైర్లన్నీ చూసుకుని, స్క్రూలు తిప్పి పిల్లిని చేసి ఇచ్చాడు. ఆ పిల్లికి రెండు రోజుల్లోనే మళ్లీ ఎక్కిళ్లు వచ్చాయి. మళ్లీ అడిగితే అల్లుడు మళ్లీ అదే మాట. ఈసారి, ఇంతకంటే బాగుండటం కష్టమండీ అని కూడా చేర్చాడు.

ఎవరో స్క్రూలు తిప్పుతున్నారని మా బావమరిదికి అనుమానం వచ్చింది. కూతురి గోళ్ల రంగు సీసా అడిగి తీసుకుని, ఒక్కో స్క్రూ మీద ఒక్కో ఎర్ర చుక్క పెట్టాడు. స్క్రూ కదిలితే చుక్క పగులుతుంది. బండి మళ్లీ ఎక్కిళ్లు పెడుతూ వచ్చింది. వాడు భూతద్దం పెట్టి చూశాడు. చుక్కలు చెక్కు చెదరలేదు.

స్క్రూ కదల్లేదు. బండి బాగుందని అల్లుడు అంటున్నాడు. మరి ఎక్కిళ్లు ఎక్కడున్నాయి? మిగిలింది ఒకటే. వాడి చెవి.

మా బావమరిది ఆ రోజు నుంచి తన చెవుల్ని తానే పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు. గడియారాన్ని బల్ల మీద పెట్టి, టిక్కుటిక్కు వినిపిస్తోందా అంటూ వెనక్కి వెనక్కి నడిచి, నీళ్ల బకెట్టులో కాలుపెట్టాడు. వంటగదిలోంచి గుసగుసగా ఏదైనా అనమని పెళ్లాన్ని అడిగాడు. నేను అరిచినా వినిపించుకోని మనిషికి గుసగుస వినిపిస్తుందా అని ఆవిడ విసుక్కుంది. తర్వాత గోడ వైపు తిరిగి, పెదవులు కదిలీ కదలకుండా, ఈయనకి పిచ్చి పట్టింది అంది.

"పిచ్చి కాదే, అనుమానం" అని జవాబొచ్చింది వరండాలోంచి.

ఇన్నేళ్లుగా వినిపించడం లేదన్న మాట అబద్ధమని ఆవిడకు ఆ రోజు తెలిసింది. దాని గురించి వేరే గొడవ జరిగింది. అది నేను రాయను.

పరీక్షలో నెగ్గినా వాడికి నమ్మకం కలగలేదు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. తోడు నేనే. డాక్టరు వాణ్ణి ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. వీడు నొక్కుతూనే ఉన్నాడు. డాక్టరు ఇంకా మిషను ఆన్ చెయ్యలేదు. మీకు ఏం వినిపిస్తోంది అని ఆయన తలుపు తీసి అడిగితే, మీ ఫ్యాను బేరింగు పోతోందండీ అన్నాడట. ఆ ఫ్యాను పై అంతస్తులో ఉందని నేను అందరికీ చెబుతుంటాను. పక్క గదిలోనే అని ఎవరైనా అంటే నాకు పేచీ లేదు. మొత్తానికి డాక్టరు చెవులు దివ్యంగా ఉన్నాయని భుజం తట్టి పంపించాడు.

దివ్యంగా ఉన్నాయన్న ఆ ఒక్క మాటతో వాడు పూర్తిగా కుంగిపోయాడు. ఎందుకో నాకు మొదట బోధపడలేదు. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా వాడే చెప్పాడు. చెవి మంచిదైతే బండి చెడ్డది. బండి చెడ్డదైతే అల్లుడు గారు బాగుందని ఎందుకంటారు? ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. కాబట్టి బండి మంచిది. బండి మంచిదైతే చెవి చెడ్డది. చెవి మంచిదని డాక్టరే చెప్పాడు. ఇలా మూడు వీధులు తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాడు. మా ఇంటి గేటు దగ్గర ఆగిపోయాడు.

"వినేది బాగానే ఉంది బావా. లోపల దాన్ని అర్థం చేసుకునేది పాడైపోయినట్టుంది."

నేను ఏదో హాస్యమాడబోయాను. వాడి మొహం చూసి మానేశాను.

మర్నాడు ఒక దర్జీ తన పాత స్కూటరు తెచ్చాడు. పాత కాలపు బండి, కార్బురేటరు బండి, మా బావమరిది కళ్లు మూసుకుని చేసే పని. వాడు ఇంజనుకు స్క్రూడ్రైవరు ఆనించాడు, పిడి చెవికి పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత స్క్రూడ్రైవరును దాని మేకుకు తగిలించి, వేరే చోట చూపించుకోండి, నాకు సరిగా వినిపించడం లేదు అన్నాడు. దర్జీ నవ్వాడు, వేళాకోళం అనుకుని. వీడు నవ్వలేదు. దర్జీ స్కూటరును తోసుకుంటూ వెళ్లిపోయాక, వాడు షట్టరును సగం దించాడు. స్టూలు మీద ఉన్న నా నెత్తి దాకా వచ్చింది షట్టరు.

"పానాలన్నీ అమ్మేస్తాను బావా. రేపెవరి బండికో బ్రేకు చప్పుడు తప్పుగా వింటే, వాడి పిల్లలకు ఎవరు జవాబు చెబుతారు?"

ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. మా ఆవిడ తమ్ముడి కూతురికి ఫోను చేసింది. సాయంత్రానికల్లా అమ్మాయీ అల్లుడూ దుకాణం ముందు దిగారు. దిగారనడం కాస్త ఎక్కువ. అమ్మాయి మలుపు దగ్గరే దిగి నడిచి వచ్చింది. అల్లుడు బండి మీద ఒక్కడే, గుర్రం మీద కూర్చున్నట్టు, ముందుకీ వెనక్కీ ఊగుతూ వచ్చాడు. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి చూసింది ఆ పిల్ల.

"నాన్నా, ఏంటిది, దుకాణం ఎందుకు మూస్తున్నావు?"

"నా చెవి పోయిందమ్మా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అల్లుడు గారు బండి బాగుందంటున్నారు. నాకేమో ఎక్కిళ్లు వినిపిస్తున్నాయి."

ఆ పిల్ల నడుం నిఠారుగా చేసి మొగుడి వైపు తిరిగింది.

"మీరు బాగుందని చెప్పారా?"

అల్లుడు హెల్మెట్టు తీసి చేతుల్లో గుండ్రంగా తిప్పుతూ నిలబడ్డాడు. ఆయన అంత శ్రమపడి పెట్టారు కదా, బాగాలేదంటే బాధపడతారని, అని సన్నగా గొణిగాడు.

"మీ హెల్మెట్టుకు కొట్టుకుని కొట్టుకుని నా ముక్కు చప్పిడి అయిపోయింది. నాన్నా, అది బండి కాదు, ఎక్కిళ్ల మిషను. ఇవాళ తొందరలో ఎక్కానంతే, వారం నుంచి నేను బస్సులోనే పోతున్నాను."

మా బావమరిది కోప్పడతాడనుకున్నాను. వాడు అల్లుడి దగ్గరికి నెమ్మదిగా వెళ్లాడు. అతని మొహంలోకి చూస్తూ, చాలా జాగ్రత్తగా, ఒక్కో మాటే అడిగాడు.

"ఎక్కిళ్లు ఉన్నాయా బాబూ?"

"ఉన్నాయి మామయ్య గారు."

"మూడో గేరులో?"

"మూడులోనే ఎక్కువండీ."

"స్టార్టు చేసిన కొత్తలో ఉండవు. వేడెక్కాక వస్తాయి."

"అవునండీ. అచ్చం అలాగేనండీ."

వాడు వెనక్కి తిరిగి, షట్టరును ఒక్క తోపుతో పైదాకా ఎత్తేశాడు. నా స్టూలు మీద ఎండ పడింది.

చెవి దొరికింది కానీ గోళ్ల రంగు చుక్కల సంగతి తేలలేదు. స్క్రూలు కదలకుండా బండి ఎలా మారుతోంది? ఈసారి వాడు మొహమాటపడలేదు. ట్యూనరు అమ్మిన దుకాణానికి అల్లుడి చేత ఫోను చేయించి, తెలియదు, చెప్పండి అన్నాడు. ఆ మాట అల్లుడి ముందే అన్నాడు. అప్పటికి మా ఆవిడా, వాడి పెళ్లామూ కూడా దుకాణానికి వచ్చేశారు. అవతలివాడు చెప్పినదాన్ని ఫోను చుట్టూ మూగి అందరం విన్నాం. సైలెన్సరు గొట్టంలో ఒక సెన్సరు ఉంటుందట. అది కంప్యూటరుకు ముక్కులాంటిది. ట్యూనరు పెట్రోలు పెంచగానే, ఆ ముక్కు పొగ వాసన పసిగట్టి పెట్రోలు ఎక్కువైందని కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు మెల్లమెల్లగా తగ్గించేస్తుంది. బ్యాటరీ వైరు ఊడదీసినప్పుడల్లా అది నేర్చుకున్నది మరిచిపోతుంది, అందుకే కొన్నాళ్లు బాగుంటుంది. మళ్లీ నేర్చుకుంటుంది, మళ్లీ తగ్గిస్తుంది.

మా బావమరిది పెళ్లానికి ఇది అందరికంటే ముందు అర్థమైంది. "నేను పులుసులో ఉప్పేస్తాను, వెనకాలే మా వదిన వచ్చి రుచి చూసి నీళ్లు పోస్తుంది, నేను మళ్లీ ఉప్పేస్తాను. అంతేగా" అంది. ఆ వదిన నా భార్య. ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. నేను పేపరులోకి తల దూర్చాను.

సెన్సరు తీసేసి, దాని బదులు కనెక్టరులో పెట్టమని ఒక చిన్న నల్ల ప్లగ్గు ఇచ్చాం కదా, పెట్టలేదా అని ఫోను అడిగింది. అల్లుడు జేబులోంచి తాళం తీసి, రింగు పట్టుకుని పైకెత్తాడు.

"ఇదేనా మామయ్య గారు?"

"ఇదేమిటో మీకు ముందే తెలుసా?"

"ప్యాకెట్టు మీద బొమ్మ చూశానండీ. మీరు కావాలనే పెట్టలేదేమో, దీని అవసరం లేకుండానే చేశారేమో అనుకున్నాను. గుర్తుగా నాకిచ్చారనుకున్నాను. అడిగితే బాగుండదని."

"నేనూ అందుకే అడగలేదు బాబూ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా ట్యాంకు ఎత్తారు. ఒకరు చెక్కముక్క పెడితే ఒకరు కనెక్టరు విప్పారు. ప్లగ్గు టక్కుమని కూర్చుంది. బండి స్టార్టు చేసి వేడెక్కేదాకా ఆగారు. వాడు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. అమ్మాయి ఏదో అనబోతే అల్లుడే వేలు పెదవుల మీద పెట్టుకుని ఆపాడు. ఆ బండి మళ్లీ ఎక్కిళ్లు పెట్టలేదు. దర్జీకి కబురు వెళ్లింది, స్కూటరు తెచ్చుకోమని.

అయితే ఒక విషయం మా బావమరిదికి ఇప్పటికీ మింగుడుపడదు. ముక్కు పూర్తిగా తీసేశాక ఆ కంప్యూటరుకు ఊపిరి ఎలా ఆడుతోందని అడుగుతాడు. వైరు లేని ప్లగ్గు కంప్యూటరుకు ఏం చెబుతోందని అడుగుతాడు. నాకు తెలిసింది నేను చెప్పాను, అల్లుడు తనకు తెలిసింది చెప్పాడు. రెండూ విన్నాక వాడు ముందుకంటే ఎక్కువ అయోమయంలో పడ్డాడు. నిజం చెప్పాలంటే మేమూ పడ్డాం. అల్లుడు మాత్రం ఆ తర్వాత నిజం చెప్పడం సాధన చేస్తున్నాడు. మొన్న మా ఇంట్లో కాఫీ ఇస్తే, ఎంతో కష్టం మీద, కొంచెం చల్లగా ఉందండీ అన్నాడు. నిజం చెప్పడమంటే వంక పెట్టడమే అనుకున్నాడు కాబోలు, పొగలు కక్కే ఆ కాఫీకి పెదవి కాలింది పాపం.

ఇదంతా రాసి, నిన్న దుకాణానికి తీసుకెళ్లి మా బావమరిదికి చదివి వినిపించాను. వాడు ఒక చెయిన్‌కు గ్రీజు రాస్తూ మొత్తం విన్నాడు. మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు. అయిపోయాక చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు బావా. నేను ఏ చెవుల డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. పట్టపగలు ఈ షట్టరు ఎప్పుడూ దిగలేదు. నా చెవి మీద నాకు ఏనాడూ అనుమానం రాలేదు. అలాంటి బండి అసలు ఈ గుమ్మం తొక్కలేదు."